కాలిన డ్రమ్ము మీద నీళ్లు

కాలువ వంతెన దిగుతూనే ఎదురుగా చెరకు కొసల మోపు ఒకటి రోడ్డు దాటుతూ కనిపించింది జయరాజ్‌కు. మోపే కనిపించింది గాని దాని కింద మనిషి కనిపించలేదు. పచ్చటి ఆకులు నాలుగు వైపులా వేలాడుతుంటే, కింద రెండు కాళ్లు మాత్రం తారు మీద గబగబా నడుస్తున్నాయి. హారన్ మీద చెయ్యి వేసే వ్యవధి కూడా లేదు. సీట్లోంచి లేచి నిలబడ్డంత పని చేసి బ్రేకు తొక్కాడు. వెనుక నిండా చెరకు, ముందు వాలు. లారీ కీచుమని అరిచి, వెనుక భాగం కాస్త పక్కకు ఈడ్చుకుపోయి, మోపుకు మూరెడు దూరంలో ఆగింది. పైనుంచి నాలుగు గడలు క్యాబిన్ మీదుగా జారి ముందుకు పడ్డాయి.

డోరు తన్ని కిందికి దూకాడు జయరాజ్. భయం కోపంగా మారడానికి మనిషికి ఎంతో సేపు పట్టదు.

"కండ్లున్నయా, మోపు కింద అవి గూడ మూసుకపోయినయా? సావనీకె నా బండే దొరికిందా నీకు?"

మోపు జారి కింద పడింది. దాని కిందినుంచి యేసమ్మ బయటపడింది. ఆదివారం చర్చిలో ఆడవాళ్ల వైపు ముందు చాప మీద కూర్చుని, అందరికంటే పై గొంతులో పాడే యేసమ్మ. బాపురావు పటేలు చెరకు కోతలో ఉంటుంది. ఇప్పుడు లారీలో ఉన్న చెరకు కూడా పొద్దున్నుంచి ఆమె, ఆమె తోటి ఆడవాళ్లు కోసి కట్టిందే.

"అన్నా, నువ్వా?" అంది. "మోటరు సప్పుడు ఇనవడ్డది గని వంతెనకు అవుతల ఉన్నదనుకున్న. నువ్వు గావట్టి బతికిన."

ఆ మాటతో జయరాజ్ కోపం దిగిపోయింది. నిజం చెప్పాలంటే లోపల్లోపల కాస్త గర్వం కూడా కలిగింది. వెనుక వస్తున్న కోత ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి యేసమ్మను తడిమి చూశారు. జయరాజ్‌ను చూసి, నీ చేతులు సల్లగుండ అన్నారు. ఒకామె పడిపోయిన గడలు ఏరి లారీ మీదికి విసిరింది. అక్కడితో ఆగిపోతే ఆ రోజు మంచి రోజే అయ్యేది.

జయరాజ్ ఎక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. మొదటి గేరు వేసి క్లచ్ వదిలితే బండి ఊగింది గాని కదలలేదు. వెనుక ఎడమ చక్రం పట్టేసింది. ఇంకో రోజైతే దిగి, చక్రం కింద తల పెట్టి చూసేవాడే. కాని ఫ్యాక్టరీ గేటు దగ్గర వరస తప్పితే చెరకుతో రాత్రంతా అక్కడే పడిగాపులు. పైగా వారం కింద అద్దం పగిలినప్పుడు బాపురావు కోత ఆడవాళ్లందరి ముందూ చెప్పిన మాట చెవిలో ఉంది. "గీ సీజన్ల ఇంకొక్కపారి నా బండి ఆగిందంటే స్టీరింగ్ రామ్‌దాస్ చేతుల పెడ్త." ఆ రామ్‌దాస్ అనే డ్రైవర్ రోజూ పొద్దున పటేలు వాకిట్లో సలాం కొట్టి పోతున్నాడు కూడా. జయరాజ్ పళ్లు బిగించి యాక్సిలరేటర్ తొక్కాడు. బండి మూలిగింది, చక్రం ఈడ్చుకుంటూ కొంత దూరం పోయింది. మళ్లీ తొక్కాడు. ఇంకొంత దూరం పోయింది. అప్పుడు వచ్చింది వాసన. బ్రేకు లైనరు కాలే వాసన డ్రైవర్లకు కొత్త కాదు గాని ఇది ముక్కులు మండేంత ఘాటుగా వచ్చింది.

దిగి చూస్తే చక్రం సందుల్లోంచి తెల్లగా పొగ. ఆ పొగకు పైన జానెడు దూరంలో లోడులోంచి ఎండు చెత్త వేలాడుతోంది. పోయిన సీజన్‌లో సాలూర దారిలో చెరకు లారీ ఒకటి ఇట్లాగే అంటుకుని ఇనుపచట్రం మాత్రం మిగిలింది. అదే కళ్ల ముందు మెదిలింది. ఎర్రగా కాలిన బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు పోయకూడదని లారీ కడిగేవాడికి కూడా తెలుసు. మట్టి చల్లాలి, చెత్త పీకెయ్యాలి, దూరం జరిగి నిలబడాలి. ఇవన్నీ జయరాజ్‌కు తెలుసు. తెలిసిన సంగతులు అవసరానికి గుర్తుకు రాకపోవడమే మనిషికి ఉన్న పెద్ద జబ్బు.

"నీళ్లు! నీళ్లు తెండ్రి! ఉరుకుండ్రి!" అని గొంతు చించుకున్నాడు.

ఆడవాళ్లు తాగే నీళ్ల బిందెలు పట్టుకుని కాలువలోకి దిగారు. అందరికంటే ముందు గట్టెక్కి వచ్చింది యేసమ్మ. ప్రాణం కాపాడినవాడికి సాయం చేసే అవకాశం అంత తొందరగా దొరికిందని కాబోలు, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటున్నా ఆగలేదు. "పొయ్యి, పొయ్యి!" అన్నాడు జయరాజ్. పోసింది. సర్రుమని ఆవిరి లేచి ఆమె మొహాన్ని కప్పేసింది. రెండో బిందె కూడా ఆమే అందుకుని పోసింది. అప్పుడు లోపలినుంచి టక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది. పెద్దదేం కాదు, ఎండిన కట్టె విరిగినంత.

"ఆరిపోయింది అన్నా," అంది యేసమ్మ మొహం తుడుచుకుంటూ, సంతోషంగా.

జయరాజ్ రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఆ చప్పుడేమిటో అక్కడున్న వాళ్లలో అతనికి ఒక్కడికే తెలుసు.

*

కబురు అందుకుని బోధన్ నుంచి మెకానిక్ ఖాజా సైకిల్ మీద వచ్చేసరికి ఎండ వాలింది. మిగతా ఆడవాళ్లు వెళ్లిపోయారు. యేసమ్మ మాత్రం పోలేదు. బండికి ఏదో అయిందని ఆమెకు అర్థమైంది గాని ఏమైందో తెలియలేదు. మోపు పక్కన, ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఖాజా జాకీ ఎత్తి, ఆ పక్క జంట చక్రాలు రెండూ ఊడదీసి, డ్రమ్మును సుత్తితో చుట్టూ కొట్టుకుంటూ వదులు చేశాడు. అది బయటికి వచ్చాక లోపలికి చేయి పెట్టి తెగిన స్ప్రింగ్ ముక్కను తీసి చూపించాడు.

"ఝట్కాకు స్ప్రింగ్ తెగింది భాయ్. గందుకే లైనర్ పట్టుకొని ఇడవలే. గిది గంట పని."

అని, డ్రమ్మును ఒళ్లోకి దొర్లించుకుని గుడ్డతో తుడిచాడు. అంచునుంచి బోల్టు రంధ్రం దాకా సన్నటి గీత. దాని మీద గోటితో రాసి చూసి తల పైకెత్తాడు.

"మరి గిదేంది? నీళ్లెవరు పోసిండ్రు?"

జయరాజ్ జవాబు చెప్పేలోపే బాపురావు మోటర్ సైకిల్ వచ్చి ఆగింది. పటేలు ముందు చెరకును చూశాడు, తరువాత పగిలిన డ్రమ్మును చూశాడు, ఆ తరువాతే మనుషులను చూశాడు. ఎండలో నిలబడ్డ చెరకు గంట గంటకూ తూకం తగ్గుతుంది. డ్రమ్ము తెచ్చి బిగించేదాకా బండి రోడ్డు మీదే.

"ఖాజా అడిగింది ఇనవడలేదా జయరాజ్? నీళ్లెవరు పోసిండ్రు?"

ఆ ఒక్క క్షణంలో జయరాజ్‌కు కనిపించింది డ్రమ్ము కాదు, రామ్‌దాస్. తన సీటు మీద, తను వేసుకున్న పాత దుప్పటి మీద కూర్చుని గేరు వేస్తున్న రామ్‌దాస్.

"ఆడోళ్లు పోసిండ్రు పటేలా," అన్నాడు. గొంతు తనది కానట్టు వినిపించింది. "నేను వద్దంటనే ఉన్న. ఇనలే."

"ఏ ఆడోళ్లు?"

జయరాజ్ నోటితో పేరు చెప్పలేదు. గడ్డం ఒక్కసారి మోపు వైపు తిప్పాడు, అంతే. అంతకంటే ఏం కావాలి?

యేసమ్మ లేచి నిలబడింది. జయరాజ్ వైపు చూసింది. జయరాజ్ జాకీ వైపు చూశాడు. కాలువ మీదినుంచి గాలి వీచి మోపులో ఆకులు గలగలమన్నాయి.

"ఔ పటేలా," అంది యేసమ్మ. "అన్న వద్దనే అన్నడు. మంట లేస్తదన్న బుగులుకు నేనే పోసిన."

"నీకు బుగులైతే నా బండి పలగొడ్తవా? రేపటిసంది కోతకు రాకు. మేస్త్రి లింబయ్యకు నేను చెప్త."

ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పడవలసిన పిడుగు పోయి ఆమె మీద పడింది. యేసమ్మ బతిమాలలేదు. వంగి మోపుకు చేతులు వేసింది. తడి కొసల మోపు ఒక్క మనిషి నెత్తికెత్తుకునేది కాదు, ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. జయరాజ్ కాళ్లు కదల్లేదు. ఖాజా నూనె చేతులు లుంగీకి తుడుచుకుని వెళ్లి ఎత్తాడు. ఆమె మళ్లీ ఆకుల కింద మాయమై, ఈసారి రోడ్డు అంచు పట్టుకుని నడిచి వెళ్లింది.

*

మర్నాడు డ్రమ్ము కోసం ఖాజాతో కలిసి నిజామాబాద్ బస్సెక్కాడు జయరాజ్. పాత సామాన్ల గల్లీలో ఇనుము గుట్టల మధ్య ఖాజా ఒక్కో డ్రమ్మును తాడుకు వేలాడదీయించి, పానాతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. గణగణమంటే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్టు. పైకి నున్నగా మెరిసే డ్రమ్ములు మూడింటిని అట్లా పక్కన పడేశాడు. జయరాజ్ తాడు పట్టుకుని నిలబడ్డాడు. పానా దెబ్బ పడ్డప్పుడల్లా చూపు పక్కకు తిప్పుకున్నాడు.

తిరుగు బస్సులో డ్రమ్మును కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నారు. ఎడపల్లి దాటాక ఖాజా అడిగాడు.

"ఇంత సీనియర్ డ్రైవర్‌వు. నీళ్లు ఎట్ల పోయనిచ్చినవ్ భాయ్?"

"చెప్పిన గద ఖాజా భాయ్! నేను వద్దనే లోపటనే పోసేసిరి. నేనేమన్న చెయ్యి పట్టుకొని గుంజుదునా? ఆడిమనిషాయె!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్క మాట అడిగితే మూడు జవాబులు చెప్పాడు. ఖాజా తలకు తువ్వాల చుట్టుకుని నిద్రపోయాడు. నిద్రపోయాడో, కళ్లు మూసుకున్నాడో.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం పెడుతూ భార్య శారమ్మ అంది. "యేసమ్మక్కను కోతల నుంచి తీసేసిండ్రంట గద. నువ్వు మొత్తుకుంటున్నా ఇనకుంట నీళ్లు గుమ్మరిచ్చిందట. ఆమెనే చెప్పింది బోరింగు కాడ. పాపం, కోతకు పోతెనే గద బర్రెకు కొసలు దొరికేది. ఇప్పుడు దానికేం పెడ్తది?"

జయరాజ్ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. అబద్ధం తను ఒక్కసారే ఆడాడు. యేసమ్మ దాన్ని నిజం చేస్తూ ఊరంతా తిరుగుతోంది.

శనివారం ఖాజా డ్రమ్ము బిగించి, కొత్త స్ప్రింగ్ వేసి, బ్రేకు సరిచేశాడు. చెరకు వేరే బండ్లకు ఎక్కించాక ఖాళీ అయిన బండిని వంతెన దాకా నడిపి చూశాడు జయరాజ్. కాలు పెడితే చాలు, మెత్తగా ఆగుతోంది. బండి బాగుపడినందుకు డ్రైవర్‌కు సంతోషం కలగాలి. అతనికి కలగలేదు.

*

ఆదివారం ఆరాధనలో ప్రసంగం అయ్యాక, సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండి అన్నారు పాస్టరయ్య. జ్వరం తగ్గినవాళ్లు, తప్పిపోయిన ఎద్దు దొరికినవాళ్లు లేచి చెప్పే ఘడియ అది. యేసమ్మ కొంగు తలమీదికి లాక్కుని లేచింది. ఇక్కడ చెబుతుంది, దేవుని ఎదుట అబద్ధం ఆడదు, ఇక అయిపోయింది అనుకున్నాడు జయరాజ్. అయిపోతే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మొన్న నా మీదికి సావు వచ్చి మూరెడు దూరంల ఆగింది," అంది యేసమ్మ. "ఆపింది దేవుడే గని, ఆయన కాలు పెట్టింది మన జయరాజన్న కాలుల. గట్ల ఆపవట్టే అన్న బండి ఖరాబైంది. నాకు పని పోయింది. పోతే పోయింది. అన్న సీటు నిలవడ్డది, నా పాణం నిలవడ్డది. రెండిటికి దేవునికి స్తోత్రం."

స్తోత్రం, స్తోత్రం అన్నారు చాపల మీది వాళ్లు. శారమ్మ కళ్లొత్తుకుంది. పాస్టరయ్య మగవాళ్ల వైపు తిరిగి, "జయరాజ్, నువ్వు గూడ లేచి ఒక మాట చెప్పయ్యా," అన్నారు.

జయరాజ్ లేచాడు. అందరి మొహాలూ చల్లగా, ప్రేమగా తన వైపే తిరిగి ఉన్నాయి. తిట్లకైతే ఎదురు నిలబడగలిగేవాడేమో. నీళ్లు తెమ్మన్నది నేనే అన్న మాట నాలుక కొస దాకా వచ్చి ఆగింది.

"దేవునికి స్తోత్రం," అని కూర్చున్నాడు.

కూర్చున్నాక ఇక కూర్చోలేకపోయాడు. చివరి పాట అవుతుండగానే చెప్పులు వెతుక్కుని బయటపడి, నేరుగా బాపురావు ఇంటికి నడిచాడు. సీటు పోతే పోనీ. సీజన్ అంతా కోతకు పోయైనా బతకవచ్చు. దారి పొడుగునా ఆ మాటే తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటున్న కొద్దీ గుండె తేలికైంది.

బాపురావు అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. జయరాజ్ వాకిట్లో నిలబడి ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"పటేలా, ఆనాడు నీళ్లు తెమ్మన్నది నేనే. పొయ్యి పొయ్యి అన్నది గూడ నేనే. యేసమ్మ తప్పేం లేదు. ఆమెను కోతలకు తీస్కో. నన్ను ఏం జేస్తవో జెయ్యి."

బాపురావు అద్దంలోంచి కళ్లు తిప్పలేదు. చెంప మీద నురగ తీసి కత్తి తుడుచుకున్నాడు.

"నాకు ఆనాడే తెల్సు."

"తెల్సా?"

"అరే బాబా, నేను గూడ స్టీరింగ్ పట్టినోణ్నే. కాలువల దిగి, బిందె ముంచుకొని, గట్టెక్కి వచ్చేవరకు ఒక బీడీ కాలుతది. గంత సేపు నువ్వు వద్దు వద్దంటే ఆమె ఎట్ల పోస్తది? నీ గొంతు హారన్ కన్న పెద్దది గదరా."

"మరి నన్నెందుకు దింపలే?"

"నిన్ను దింపితే సీజన్ నడుమ నాకు డ్రైవర్ యాడ దొరుకుతడు? రామ్‌దాస్ అంటవా? వాడు పొద్దుమూకితే తాగి నిలవడనే నిలవడడు, వానికి నా సైకిల్ గూడ ఇయ్య. నిన్ను జర బెదిరిచ్చనీకె వాన్ని రానిస్తున్న. గని బండి అన్ని దినాలు ఆగె, చెరకు ఎండె. ఎవరినో ఒకరిని అనకపోతే రేపటి దినం నన్నెవడు లెక్క జేస్తడు? కోతకు మనుషులకు కరువా?"

పోతుందని జయరాజ్ భయపడ్డ సీటు ఎప్పుడూ పోయేది కాదు. నిజం చెప్పి ఉంటే నాలుగు తిట్లతో సరిపోయేది.

"అయితే ఆమెను మల్ల తీస్కో పటేలా."

"అందరికి తానే చెప్పుకున్నది, తాను పోసిన్నని. ఇప్పుడు తీస్కుంటే నా మాటకు ఇలువేముంటది? ఇగ గా ముచ్చట ఇడిసిపెట్టు." బాపురావు గూట్లోంచి లారీ తాళం చెవి తీసి ముందుకు చాచాడు. "రేపు పొద్దుగాలనే లోడు. వంతెన కాడ జర మెల్లగ దిగు."

ఆమె లేనిది నాకీ సీటు వద్దు అనవచ్చు. ఆ మాట చెప్పడానికి కావలసినంత సేపు తాళం చెవి గాల్లో ఊగింది. తరువాత జయరాజ్ చెయ్యి చాచి అందుకున్నాడు. ఎందుకు అందుకున్నాడని ఆ తరువాత ఎన్నోసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు గాని, అడిగిన ప్రతిసారీ దొరికిన జవాబు ఒక్కటే: అందుకోవడం అలవాటు.

*

సోమవారం లోడు దించి వచ్చి, పొద్దు ఉండగానే యేసమ్మ ఇంటికి పోయాడు. ఆమె అప్పుడే పసుపు తవ్వకం నుంచి వచ్చినట్టుంది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. వాకిట్లో బర్రెకు ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన వరిగడ్డి కొద్దికొద్దిగా విదిలించి వేస్తోంది. జయరాజ్‌ను చూడగానే మొహం విప్పారింది.

"రా అన్నా, కూసో. బండి మంచిగైందట గద. పొద్దుగాల నీ హారన్ ఇన్న, ఎంత సంబురమైందో!" గడప దగ్గరికి పోయి చాప తెచ్చి వేసింది. "పసుపు కాడ పని దొరికింది. పసుపాకు బర్రె ముట్టది, గదొక్కటే పరేషాన్. నడుస్తది తియ్యి."

జయరాజ్ చాప మీద కూర్చోలేదు.

"యేసమ్మా, నేను పటేలుకు నిజం చెప్పిన. నీళ్లు తెమ్మన్నది నేనే అని చెప్పిన."

ఆమె చేతిలోని గడ్డి జారిపోయింది. "అయ్యో, ఎందుకు చెప్పినవన్నా! ఎవరడిగిండ్రు నిన్ను? సీటు తీసిండా?"

"తియ్యలే."

"మరి?"

"ఆయనకు మొదట్నే తెల్సట. ఆనాడు నేను ఒప్పుకున్నా తీసేటోడు కాదట. నిన్ను మల్ల తీస్కొమ్మని బతిమాలిన. ఇనలే. నన్ను మాఫ్ చెయ్యి చెల్లె."

ఆ మాటలు చెప్పేసరికి జయరాజ్‌కు బరువు దింపుకున్నట్టు అనిపించింది. తిడుతుందనుకున్నాడు. తిడితే పడడానికే వచ్చాడు.

యేసమ్మ తిట్టలేదు. కిందపడ్డ గడ్డిని పోచ పోచగా ఏరింది. ఏరుతూ ఏరుతూ ఆగి, "తీసేటోడు కాదా?" అని ఇంకోసారి అడిగింది.

"కాదట."

"అంటే నేను ఊకెనే ఒప్పుకున్ననా?"

బర్రె మెడ చాచి ఆమె చేతిలోని గడ్డిని లాక్కుంది. ఆమె దాని నుదురు నిమిరింది. పసుపు దాని నల్లటి వెంట్రుకలకు అంటింది.

"పని పోయినప్పటిసంది ఒక్క దినం గూడ నేను ఏడ్వలే," అంది, జయరాజ్‌తో కాదు, బర్రెతో చెబుతున్నట్టు. "ఒకల సీటు నిలవెట్టిన, పాణానికి పాణం బాకీ తీర్చుకున్న అనుకున్న. గా నిమ్మళంతోటే నడుం ఇరిగేటట్టు పసుపు తవ్విన. ఎందుకు చెప్పినవన్నా నాకు? పటేలు పని తీస్కపోయిండు. నువ్వొచ్చి గా నిమ్మళం గూడ తీస్కపోయినవ్."

అని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పని పోయిన నాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

జయరాజ్ వాకిట్లో నిలబడే ఉన్నాడు. ఆమె వేసిన చాప అతని కాళ్ల ముందు ఖాళీగా పరిచి ఉంది. ఓదార్చాలంటే ఇంకో అబద్ధం ఆడాలి. ఈసారి ఆడడానికి అతనికి ఒక్కటీ దొరకలేదు.